గ్రో అనే మాటని సరిగ్గా వాడటం ఎలా: పెరిగింది అన్న ప్రతిచోటా అదే పెట్టేయకుండా ఉండాలంటే

సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటా. వాళ్ళు రాసుకొచ్చే సెల్ఫ్ ఇంట్రడక్షన్లు దిద్దుతుంటే దాదాపు అందరూ ఒకే చోట తడబడటం కనిపిస్తుంది, అదే గ్రో దగ్గర. మాట తెలీక కాదు, చిన్న క్లాసుల నుంచీ తెలిసిన మాటే. అసలు ఇబ్బంది మన తెలుగులో ఉంది. ధర పెరిగింది, జ్వరం పెరిగింది, పిల్లాడు పెరిగాడు, గడ్డం పెరిగింది, కాలవలో నీళ్ళు పెరిగాయి, ఇద్దరి మధ్య దూరం పెరిగింది, అన్నిటికీ మనకి ఒక్క మాట చాలు. ఇంగ్లీష్‌లో వీటిలో సగానికి గ్రో అస్సలు నప్పదు.

దీన్ని ఎలా నేర్చుకోవాలి సార్, ఒక లిస్టు ఇవ్వండి అని అడుగుతూనే ఉన్నారు. ఉత్త లిస్టు బట్టీ పడితే వారంలో మర్చిపోతారు, అందుకే ఏ ఆర్డర్‌లో వెళ్తే బుర్రలో నిలబడుతుందో ఆ ఆర్డర్‌లో రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, మధ్యలో పెన్ను పట్టుకోవాల్సి వస్తుంది.

1. ముందుగా రెడీ చేసుకోవాల్సినవి

ఒక నోట్‌బుక్. అందులో మీరు రోజూ నిజంగా మాట్లాడే తెలుగు వాక్యాలు పదిహేను రాయండి, ప్రతిదాంట్లో పెరుగు, పెంచు, ఎదుగు, పండించు, మొలుచు వీటిలో ఏదో ఒకటి ఉండాలి. గ్రామర్ బుక్‌లోంచి కాపీ కొట్టొద్దు. మీ ఇంట్లో మాటలే రాయండి: అమ్మకి షుగర్ పెరిగింది, తమ్ముడు గడ్డం పెంచుతున్నాడు, కరెంటు బిల్లు పెరిగింది, నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను, ఇలాంటివి.

ఇంకోటి, ఒక లెర్నర్స్ డిక్షనరీ. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉన్నాయి. తెలుగు అర్థం ఒక్కటే ఇచ్చే యాప్ ఈ పనికి సరిపోదు, ఎందుకంటే అది గ్రో అంటే పెరుగు అని చెప్పి ఊరుకుంటుంది, మన తప్పు మొదలయ్యేదే అక్కడ.

మొదలుపెట్టే ముందు చెక్ చేసుకోండి:
- పదిహేను సొంత వాక్యాలు రాశానా
- వాటిలో కనీసం మూడు పెంచు అనే మాటతో ఉన్నాయా
- ఒకటైనా నేను ఎక్కడ పెరిగానో చెప్పే వాక్యం ఉందా, ఇంటర్వ్యూలో అడిగేది అదే కాబట్టి

2. మూడు రూపాలు నోటికి ఎక్కించడం

గ్రో, గ్రూ, గ్రోన్. గ్రోడ్ అనే మాట లేదు, తొందరలో అది వచ్చేస్తుంటుంది జాగ్రత్త.

దీన్ని ఒంటరిగా కాకుండా చుట్టాలతో కలిపి చదవండి: బ్లో, బ్లూ, బ్లోన్. త్రో, త్రూ, త్రోన్. నో, న్యూ, నోన్. ఫ్లై కూడా చివర్లో ఇలాగే ఫ్లూ, ఫ్లోన్ అవుతుంది. అయితే ఇదే సౌండ్ ఉన్నా ఈ గుంపులో చేరనివి ఉన్నాయి: ఫ్లో, గ్లో, స్నో. ఇవి బుద్ధిగా ఫ్లోడ్, గ్లోడ్, స్నోడ్ అవుతాయి. షో మాత్రం మధ్యలో ఉంటుంది, షోడ్, షోన్.

పలకడంలో ఒక్క విషయం. గ్రోత్ అన్నప్పుడు చివర త్ అని గట్టిగా కొట్టకండి, నాలుక కొసని పళ్ళ మధ్య కొంచెం బయటికి పెట్టి గాలి వదలాలి. గ్రోన్ అన్న మాటా, మూలగడం అనే అర్థం వచ్చే ఇంకో మాటా వినడానికి ఒకేలా ఉంటాయి, స్పెల్లింగ్ వేరు.

3. మూలం తెలుసుకోవడం, పనికొచ్చేంత వరకే

ఈ స్టెప్ వదిలేద్దాం అనిపిస్తుంది, వదలకండి, కింద వచ్చే సగం రూల్స్ ఇక్కడ్నుంచే పుడతాయి.

పాత ఇంగ్లీష్‌లో ఈ మాట గ్రోవన్. అప్పట్లో దాన్ని ముఖ్యంగా మొక్కలకే వాడేవాళ్ళు: మొలకెత్తడం, చిగురించడం, పచ్చబడటం. గ్రీన్, గ్రాస్, గ్రో మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. పచ్చదనం, గడ్డి, పెరగడం. మనవాళ్ళు దీవించేటప్పుడు పచ్చగా ఉండు నాయనా అంటారు కదా, పచ్చదనానికీ ఎదుగుదలకీ ఉన్న ఆ సంబంధం వాళ్ళ మాటల్లో కూడా అలా వేళ్ళలోనే ఉందన్నమాట.

మరి మనుషులు, జంతువులు, చంద్రుడు పెరిగితే ఏమనేవాళ్ళు? దానికి వెయక్సన్ అని వేరే మాట ఉండేది, ఇప్పటి వాక్స్ అదే. కొవ్వొత్తి మైనం వాక్స్ కాదు, స్పెల్లింగ్ ఒకటే గానీ ఇది వేరే మాట. మధ్యయుగాల్లో గ్రో మెల్లగా దాని చోటంతా ఆక్రమించేసింది, ఇప్పుడు ఆ వాక్స్ ఒకటి రెండు చోట్లే మిగిలింది. శుక్లపక్షం చంద్రుణ్ణి ఇంగ్లీష్‌లో వాక్సింగ్ మూన్ అనేది అందుకే.

ఇందులోంచి మనం పట్టుకోవాల్సింది ఒకటే: గ్రో అంటే మొక్క పెరిగినట్టు పెరగడం. లోపలి నుంచి, తనంతట తాను, నెమ్మదిగా. ఎవరో బయట నుంచి మీట నొక్కితే పైకి పోయే ముల్లు లాంటిది కాదు.

4. మొక్క టెస్ట్

ఇప్పుడు మీ పదిహేను వాక్యాలు తీయండి. ప్రతిదాని పక్కన ఒక్క ప్రశ్న వేసుకోండి: పెరుగుతున్నది ఒక వస్తువా, ప్రాణా, గుంపా, లేక కొలతలో అంకె మాత్రమేనా?

ఒళ్ళు, జుట్టు, గోళ్ళు, చెట్టు, ఊరు, జనాభా, కంపెనీ, భయం, నమ్మకం, వీటికి ఒక ఆకారమో బతుకో ఉంది, ఇవి మొక్కలా విస్తరిస్తాయి. గ్రో ధైర్యంగా వాడండి. పిల్లాడు పెరిగాడు అంటే హీ హాజ్ గ్రోన్. ఊరు పెరిగిపోయింది అంటే ద టౌన్ హాజ్ గ్రోన్ ఎ లాట్.

ధర, టెంపరేచర్, బీపీ, షుగర్, జీతం, గోదావరి నీటిమట్టం, ఇవన్నీ స్కేలు మీద ముల్లు. ముల్లు గ్రో అవ్వదు, పైకి పోతుంది. కాబట్టి గో అప్ గానీ రైజ్ గానీ. టమాటా ధర పెరిగింది అంటే టొమాటో ప్రైసెస్ హావ్ గాన్ అప్. జ్వరం పెరిగింది అంటే ద ఫీవర్ హాజ్ గాన్ అప్. నీళ్ళు పెరుగుతున్నాయి అంటే ద వాటర్ లెవెల్ ఈజ్ రైజింగ్.

ఈ రెండు పెట్టెల్లో ఇమడనివి కొన్ని ఉన్నాయి, అవి విడిగా నేర్చుకోవాల్సిందే, వేరే దారి లేదు:

- బరువు పెరిగాను: ఐ హావ్ పుట్ ఆన్ వెయిట్. మై వెయిట్ ఈజ్ గ్రోయింగ్ అనకండి.
- వయసు పెరుగుతోంది: ఐ యామ్ గెట్టింగ్ ఓల్డర్. ఏజ్‌కి గ్రో పెట్టొద్దు.
- మార్కులు పెరిగాయి: మై మార్క్స్ హావ్ ఇంప్రూవ్డ్.
- గొడవ పెరిగింది: ద ఫైట్ గాట్ వర్స్.
- ఎత్తు పెరిగాడు: హీ హాజ్ గ్రోన్ టాలర్, లేదా హీ హాజ్ గ్రోన్ టూ ఇంచెస్. హిజ్ హైట్ హాజ్ గ్రోన్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, పెరిగింది మనిషి కదా.

సేల్స్, డిమాండ్, ఎకానమీ దగ్గర చాలామందికి డౌట్ వస్తుంది, ఇవి అంకెలే కదా అని. అంకెలే, కానీ వాటి వెనక కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అని పెద్ద గుంపు ఉంది, అందుకే సేల్స్ గ్రూ, డిమాండ్ గ్రూ రెండూ కరెక్టే.

5. పెంచు అని వచ్చినప్పుడు ఆగండి

తెలుగులో పెరుగు తనంతట తాను, పెంచు ఇంకొకరు చేసేది. మనకి ఈ తేడా మాటలోనే వినబడుతుంది. ఇంగ్లీష్ గ్రో రెండు పనులూ చేస్తుంది గానీ, రెండోది కొన్నిటికే చేస్తుంది. చాలా కాలం గ్రో అంటే తనంతట తాను పెరగడమే, పంటని పండించడం అనే అర్థంలో వాడకం 18వ శతాబ్దంలో వచ్చి చేరింది. కాబట్టి దీని హద్దులు చిన్నవి.

వాడొచ్చు: పంటలు, పూలు, కూరగాయలు, జుట్టు, గడ్డం, గోళ్ళు. మా మామయ్య మిర్చి పండిస్తాడు అంటే మై అంకుల్ గ్రోస్ చిల్లీస్. తమ్ముడు గడ్డం పెంచుతున్నాడు అంటే మై బ్రదర్ ఈజ్ గ్రోయింగ్ ఎ బియర్డ్. దీన్నే తిప్పి, కాఫీ ఈజ్ గ్రోన్ ఇన్ అరకు, టర్మరిక్ ఈజ్ గ్రోన్ ఇన్ నిజామాబాద్ అని కూడా చెప్పొచ్చు, మీ జిల్లా గురించి చెప్పమన్నప్పుడు ఈ వాక్యం భలే పనికొస్తుంది.

వాడకూడదు: పిల్లలు, కుక్కలు, కోళ్ళు, గేదెలు. పిల్లల్ని పెంచడం రెయిజ్ లేదా బ్రింగ్ అప్. గేదెలు, కోళ్ళయితే రెయిజ్ గానీ కీప్ గానీ. మా అమ్మానాన్న నన్ను పెంచారు అనడానికి మై పేరెంట్స్ గ్రూ మీ అంటే మిమ్మల్ని తొట్టెలో మట్టి పోసి నాటినట్టు అర్థం వస్తుంది, మళ్ళీ ఆ మొక్క దగ్గరికే వచ్చాం చూడండి.

వాల్యూమ్ పెంచు అంటే టర్న్ అప్. జీతం పెంచారు అంటే దే రెయిజ్డ్ మై శాలరీ. స్పీడు పెంచు అంటే గో ఫాస్టర్ చాలు.

ఇక వ్యాపారాన్ని పెంచడం. గ్రో ద బిజినెస్ అనేది ఆఫీసుల్లో పొద్దున లేస్తే వినబడేదే, కానీ ఇది బాగా పాకింది 1990ల నుంచే. 1992 అమెరికా ఎన్నికల ప్రచారంలో బిల్ క్లింటన్ గ్రో ద ఎకానమీ అని పదేపదే అనడంతో జనం నోళ్ళలో నానింది, ఇదేం వాడకం, ఎకానమీ ఏమన్నా వంకాయ మొక్కా అని భాష గురించి పట్టింపు ఉన్నవాళ్ళు అప్పట్లో గట్టిగానే గొణిగారు. ఇప్పుడు ఎవరూ తప్పు పట్టరు. ఇంటర్వ్యూలో వాడేయండి. కాకపోతే ఎగ్జామ్ వ్యాసంలో ఎక్స్‌పాండ్ అనడం నాకు ఇంకా నచ్చుతుంది.

6. గ్రో అప్: అందరూ పడే గుంట

మొన్న ఒక అమ్మాయి నోట్‌బుక్ తెరిస్తే మొదటి లైను నీట్‌గా, అండర్‌లైన్ కూడా కొట్టి ఉంది: ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ తెనాలి. చాలా కష్టపడి రాసింది పాపం, వాజ్ మీద కొట్టేసి మళ్ళీ రాసింది, అంటే అక్కడ ఆలోచించింది. ఎందుకు వాజ్ పెట్టావమ్మా అంటే, ఐ వాజ్ బార్న్ అంటాం కదా సార్, పుట్టడానికి వాజ్ ఉంటే పెరగడానికీ ఉండాలి కదా అంది. లాజిక్ కరెక్టే, అందుకే ఇన్ని వేలమంది ఇదే తప్పు చేస్తారు.

ఫిక్స్ ఇది. పుట్టించింది అమ్మ, కాబట్టి వాజ్ బార్న్. పెంచింది అమ్మానాన్న, కాబట్టి వాజ్ బ్రాట్ అప్. పెరిగింది మాత్రం మీరే, మీ అంతట మీరు, కాబట్టి వాజ్ లేకుండా గ్రూ అప్.

- ఐ వాజ్ బార్న్ ఇన్ తెనాలి అండ్ గ్రూ అప్ ఇన్ గుంటూర్. కరెక్ట్.
- ఐ వాజ్ బార్న్ అండ్ బ్రాట్ అప్ ఇన్ తెనాలి. కరెక్ట్.
- ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ తెనాలి. తప్పు.
- ఐ యామ్ బార్న్ అండ్ బ్రాట్ అప్. ఆ యామ్ తప్పు, పుట్టడం అయిపోయింది కదా.

అమ్మమ్మ దగ్గర పెరిగాను అంటే ఐ గ్రూ అప్ విత్ మై గ్రాండ్‌మదర్. మరీ నచ్చే వాక్యం ఇది, సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో ఎంచక్కా పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. ఒట్టి గ్రో అప్! అని ఎవరితోనైనా అంటే చిన్నపిల్లాడిలా చెయ్యకు, బుద్ధి తెచ్చుకో అని విసుక్కున్నట్టు. పెద్దవాళ్ళతో, బాస్‌తో అనే మాట కాదు.

7. గ్రో తర్వాత గుణం చెప్పే మాట

అలసిపోసాగాడు, ముసలివాడవుతున్నాడు, చీకటి పడుతోంది, ఇలా మెల్లమెల్లగా మారడం చెప్పాలంటే గ్రో టైర్డ్, గ్రో ఓల్డ్, గ్రో డార్క్. ఇక్కడ గ్రో అంటే అవ్వడం అని మాత్రమే. గ్రో వీకర్, గ్రో స్మాలర్ అని కూడా వస్తుంది, తగ్గడానికి పెరగడం ఏంటి అని కంగారుపడకండి, నెమ్మదిగా అలా అయిపోవడం అన్నమాట. మాటల్లో గెట్ ఎక్కువ, రాతలో గ్రో ఎక్కువ. సడన్‌గా జరిగేదానికి ఇది వద్దు: ఒక్కసారిగా కోపం వచ్చింది అంటే గాట్ యాంగ్రీ.

8. తోక మాటలు, ఒక చొక్కాతో నేర్చుకోండి

మన ఇళ్ళల్లో స్కూల్ యూనిఫాం ఎలా కుట్టిస్తారు? పెరిగే పిల్లాడు కదా అని ఒక సైజు పెద్దది. జూన్‌లో చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటాయి, మడిచి పిన్ను పెడతారు. అమ్మ అనే మాట, ఉండరా పెరిగితే సరిపోతుంది. అది ఇంగ్లీష్‌లో యు విల్ గ్రో ఇంటూ ఇట్. ఫిబ్రవరికి మణికట్టు బయటికి వచ్చేస్తుంది, చొక్కా పొట్టిదైపోయింది. అప్పుడు హీ హాజ్ గ్రోన్ అవుట్ ఆఫ్ ఇట్. చొక్కా మారలేదు, పిల్లాడే అందులోకి పెరిగి, అందులోంచి బయటికి పెరిగాడు. ఇంటూ, అవుట్ ఆఫ్ రెండూ ఇక జన్మలో మర్చిపోరు.

అలవాట్లకి కూడా ఇదే. వేలు నోట్లో పెట్టుకునే అలవాటు వయసుతో పోయింది అంటే షీ గ్రూ అవుట్ ఆఫ్ ఇట్.

మిగతావి త్వరగా చూసేద్దాం. మొదట్లో నచ్చని పాట వినగా వినగా నచ్చితే ద సాంగ్ గ్రూ ఆన్ మీ. నచ్చింది పాట, కానీ వాక్యంలో పని చేసేది కూడా పాటే, మనం కాదు, ఐ గ్రూ ఆన్ ద సాంగ్ అని తిప్పి రాయకండి. అదే మనతో మొదలుపెట్టాలంటే ఐ గ్రూ టు లైక్ ద సాంగ్. స్నేహితులు గొడవేమీ లేకుండానే దూరమైతే దే గ్రూ అపార్ట్. తిరుపతిలో గుండు కొట్టించుకున్నాక జుట్టు మళ్ళీ వస్తుంది అంటే ఇట్ విల్ గ్రో బ్యాక్.

డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా అని నాన్న అంటే, మనీ డజంట్ గ్రో ఆన్ ట్రీస్. ఇది ఒక్కటే మనది వాళ్ళది అచ్చంగా కలిసింది, ధైర్యంగా వాడుకోండి.

9. గ్రోత్, బై, టు: ఇక్కడ పొరపాటు పడితే అర్థమే మారిపోతుంది

మా ఇంట్లో ఒకసారి అమ్మ స్కానింగ్ రిపోర్టు వచ్చింది. అందులో గ్రోత్ అనే మాట చూసి నాన్న, ఏదో బాగా మెరుగవుతున్నట్టుందిరా అని సంతోషపడ్డాడు. ఆయనకి తెలిసిన గ్రోత్ పేపర్లో చదివే గ్రోత్, అంటే మంచిది. ముందు ఎ చేర్చి ఎ గ్రోత్ అంటే ఒంట్లో పుట్టిన గడ్డ. అది ప్రమాదం లేని చిన్నదే కావచ్చు, మా అమ్మది అలాంటిదే, తీసేశారు, బాగుంది. కానీ ఆ రోజు నాన్నకి నేను విడమరిచి చెప్పాల్సి రావడం ఇప్పటికీ గుర్తే. రిపోర్టుల్లో ఈ మాట కనిపిస్తే మీరే అర్థం తీసుకోకుండా డాక్టర్‌ని అడగండి.

ఇక అంకెలు. యాభైమంది ఉన్న ఆఫీసు అరవైమంది అయ్యింది అనుకోండి.
- ఇట్ గ్రూ టు 60. చేరిన అంకె.
- ఇట్ గ్రూ బై 10. పెరిగిన మేర.
- ఇట్ గ్రూ బై 20 పర్సెంట్. అదే మేర, శాతంలో.

బై బదులు టు పెడితే పదిమంది చేరిన ఆఫీసు పదిమంది ఉన్న ఆఫీసు అయిపోతుంది. ప్రాజెక్ట్ రిపోర్టులు రాసేవాళ్ళు దీన్ని రెండుసార్లు చూసుకోండి.

న్యూస్‌లో గ్రోత్ హాజ్ ఫాలెన్ అని వస్తే ఎకానమీ చిన్నదైపోయిందని కాదు. 7 శాతం చొప్పున పెరిగేది 6 శాతం చొప్పున పెరుగుతోంది అంతే, ఇంకా పెరుగుతూనే ఉంది, వేగం తగ్గింది.

10. ప్రాక్టీస్

ఇప్పుడు మీ పదిహేను వాక్యాల దగ్గరికి రండి. ఒక్కోదానికి ఈ ఆర్డర్‌లో చూసుకోండి:
- పెరుగునా, పెంచునా
- పెరుగు అయితే: మొక్కలాంటిదా, ముల్లులాంటిదా
- పెంచు అయితే: పంట, జుట్టు, వ్యాపారం కాకపోతే గ్రో తీసెయ్యండి
- నా చిన్నతనం గురించి అయితే గ్రూ అప్, ముందు వాజ్ ఉంటే కొట్టెయ్యండి
- అంకె ఉంటే బై నా, టు నా

రాశాక పైకి చదవండి, ఫోన్లో రికార్డ్ చేసి మర్నాడు వినండి. ముందు రోజు వినపడని తప్పు మర్నాడు వినపడుతుంది.

ఇవి ఐదు ఇస్తున్నా, కింద చూడకుండా ముందు మీరు రాయండి: పెరట్లో కరివేపాకు పెంచుతున్నాం. అద్దె పెరిగింది. అక్క జుట్టు పెంచుకుంటోంది. మా నాన్న పల్లెటూళ్ళో పెరిగాడు. అబ్బో, ఎంత పెద్దదానివైపోయావే!

జవాబులు. వుయ్ గ్రో కర్రీ లీవ్స్ ఇన్ ద బ్యాక్‌యార్డ్. ద రెంట్ హాజ్ గాన్ అప్. మై సిస్టర్ ఈజ్ గ్రోయింగ్ హర్ హెయిర్. మై ఫాదర్ గ్రూ అప్ ఇన్ ఎ విలేజ్. చివరిది పెళ్ళిళ్ళలో అత్తయ్యలు బుగ్గ గిల్లి అనే మాట కదా, దానికి లుక్ హౌ మచ్ యు హావ్ గ్రోన్!